కావలి కొమ్మ మీద రేల

అనగనగా ఒక అడవిలో, ఎత్తయిన కొండల నడుమ, పాలవాగు అనే లోయ ఉండేది. ఆ లోయలో వాగు ఒడ్డున ఒక ఏరుమద్ది చెట్టు. చెట్టు మీద కొండముచ్చులు, చెట్టు కింద చుక్కల దుప్పులు. వీటికీ వాటికీ చుట్టరికం లేదు. అయినా చుట్టాలకన్నా బాగా కలిసి బతికేవి.

ఎందుకలా అంటారా? కొండముచ్చులు చిగుళ్ళు తింటూ సగం కింద పారేస్తాయి. పొదుపు అన్న మాట వాటి వంశంలోనే లేదు. ఆ రాలినవి దుప్పులకు విందు. దుప్పుల ముక్కు వాసన పడుతుంది, కొండముచ్చుల కన్ను దూరం చూస్తుంది. అలా ఒకరికొకరు కాపలా.

చెట్టు చిటారున ఒక కొమ్మ ఉంది. దాని పేరు కావలి కొమ్మ. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఒక కొండముచ్చు ఆ కొమ్మ మీద కూర్చోవాలి. చిరుత జాడ తెలిస్తే "ఖక్కర్! ఖక్కర్!" అని అరవాలి. ఆ అరుపు వినగానే దుప్పుల మంద వాగు దాటి, అవతలి గట్టు మీద రాళ్ళ సందులోంచి పై మైదానానికి పరుగెత్తుతుంది. మైదానంలో పడ్డ దుప్పిని చిరుత అందుకోలేదు.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. కూర్చునేది కొండముచ్చే అయినా, ఎవరు కూర్చోవాలో చెప్పేది మాత్రం దుప్పులు. "ప్రాణం ఎవరిదో, మాట వాళ్ళది" అనేవారు ఆ లోయలో పెద్దలు. నాకీ కట్టుబాటు భలే నచ్చింది. మన ఊళ్ళల్లో కూడా ఉంటే బాగుండును.

ఆ రోజుల్లో కావలి కొమ్మ మీద ఉన్నది నాగులు తాత. ముసలి కొండముచ్చు. ఆయన కూర్చున్నన్నాళ్ళూ పాలవాగులో ఒక్క దుప్పి పిల్ల కూడా చిరుత నోట పడలేదు. కానీ తాత కళ్ళకు పొర కమ్మింది. పైగా ఎండాకాలం వచ్చింది. దుప్పులు పిల్లల్ని పెట్టాయి. సన్నకాళ్ళ పిల్లలు మంద నిండా తడబడుతూ తిరుగుతున్నాయి.

దుప్పుల పెద్ద చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చి నిలబడింది.

"నాగులు బాబాయ్, నీకు రుణపడి ఉన్నాం. ఇక దిగి విశ్రాంతి తీసుకో. వచ్చే పౌర్ణమికి కొత్త కావలిని ఎంచుకుంటాం" అంది.

"మంచిది తల్లీ. నా మనవలు ఇద్దరున్నారు. పరీక్షించి తీసుకో" అన్నాడు తాత.

ఆ ఇద్దరిలో ఒకడు సింగన్న. చురుకైనవాడు. ఒకసారి విన్నది మళ్ళీ మరిచిపోడు. రెండోది వాడి చిన్నాన్న కూతురు రేల. ఈ పిల్ల పేరెత్తితేనే నాకు గుండె ఉప్పొంగుతుంది. కానీ తొందరపడి ముందే పొగిడేస్తే మీరు నన్ను నమ్మరు. అందుకని మొదట రేల చేసిన తెలివితక్కువ పని చెబుతాను.

ఆ ఏడు వాగు మలుపులో బూరుగు చెట్టు విరగబూసింది. పూల తేనె కోసం గోరువంకలు మందలుగా వచ్చి వాలాయి. గోరువంక సంగతి మీకు తెలుసు కదా, ఏ గొంతు వింటే ఆ గొంతు దించేస్తుంది. ఇవి పగలంతా ఏడు లోయలూ తిరుగుతాయి. అక్కడ విన్నవన్నీ మోసుకొచ్చి బూరుగు మీద కూర్చుని వినిపిస్తాయి. వాటి పెద్ద పలుకులమ్మ.

"ఆరో లోయలో ఎలుగుబంటిని తేనెటీగలు కుట్టాయి! ముక్కు బూరె అయింది!" అనేది పలుకులమ్మ. వెంటనే ఎలుగుబంటి ఏడుపు ఉన్నదున్నట్టు ఏడ్చి చూపించేది.

"మూడో లోయలో నక్కకు ఇద్దరు పెళ్ళాలు! పొద్దుటి నుంచీ కొట్లాటే!" అనేది ఇంకో గోరువంక.

"ఆగండాగండి, నాలుగో లోయలో ముళ్ళపంది..." అని మరొకటి అందుకునేది.

ఇంకేముంది? కొండముచ్చులు చిగుళ్ళు మానేశాయి. దుప్పులు గడ్డి మానేశాయి. కుందేళ్ళు, ముంగిసలు, అన్నీ బూరుగు కిందే. ఇదొక్కటి విని పోదాం అనుకునేవి. అది అయ్యేసరికి ఇంకొకటి మొదలయ్యేది. పొద్దుటి నుంచి విని విని, సాయంత్రం తలలు దిమ్మెక్కి ఇళ్ళకు పోయేవి. ఏం విన్నావే అంటే ఒక్కదానికీ గుర్తుండేది కాదు. నవ్వుతున్నారా? నవ్వండి నవ్వండి. మీ గురించి నేనేమీ అనలేదు కదా!

రేల కూడా వాటితోపాటే ముందు వరసలో కూర్చునేది. సింగన్న అయితే బూరుగు మీదే కాపురం పెట్టాడు.

ఒక పొద్దున పలుకులమ్మ ఐదో లోయ కబురు తెచ్చింది. "ఐదో లోయలో నిన్న చిరుత పడింది. అక్కడి కొండముచ్చు ఇలా అరిచింది" అని, "ఖక్కర్! ఖక్కర్!" అని గొంతు చించుకుని అరిచింది. అచ్చం కావలి అరుపే. బూరుగు కింద ఉన్నవాళ్ళంతా "ఆహా, ఎంత బాగా అనుకరించింది!" అని మెచ్చుకున్నారు. రేల అయితే తోక ఊపి మరీ నవ్వింది.

కానీ ఆ అరుపు ఏరుమద్ది దాకా పోయింది. అక్కడ మేస్తున్న మందకు ఇది ఐదో లోయ కబురని ఎలా తెలుస్తుంది? మంద ఒక్కసారిగా బెదిరి వాగులోకి దూకింది. పెద్దవి పిల్లల్ని తోసుకుంటూ రాళ్ళ సందు వైపు పరుగెత్తాయి. ఆ తొక్కిసలాటలో చుక్కమ్మ చంటిపిల్ల రెండు రాళ్ళ మధ్య కాలు ఇరికించుకుంది.

"నేను అరవలేదే! ఎవరరిచారు? ఎవరు?" అని పైనుంచి నాగులు తాత అడుగుతూనే ఉన్నాడు. 

రేల వాగు దగ్గరికి వచ్చి చూసింది. చుక్కమ్మ పిల్ల ఒక కాలు ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడి ఉంది. తల్లి దాని కాలు నాకుతోంది. ఆ పిల్ల ఇక వేగంగా పరుగెత్తలేదని చూసినవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఈసారి నిజంగా చిరుత వస్తే మందలో వెనకబడేది అదే. 

రేల తిన్నగా చెట్టెక్కి తాత పక్కన కూర్చుంది.

"తాతా, నాకు ఏడు లోయల కబుర్లూ తెలుసు. అయినా ఇవాళ దేనికీ పనికిరాలేదు" అంది.

తాత కోప్పడలేదు. "మన లోయ సంగతి నీకేం తెలుసో చెప్పు" అన్నాడు.

రేల ఆరో లోయ ఎలుగుబంటి సంగతి మొదలుపెట్టబోయి నాలుక కరుచుకుంది.  

"అడవిలో నోళ్ళు లెక్కలేనన్ని తల్లీ. అన్నిటికీ చెవి ఒగ్గితే ఆఖరికి చెవి ఉన్నా లేనట్టే" అన్నాడు తాత. "మూడు గొంతులు పట్టుకో. రాళ్ళ సందు దగ్గర గులకరాళ్ళలో గుడ్లు పెట్టే తీతువు. పొద్దున్నే నీళ్ళకు దిగే నెమలి. అవతలి గట్టు తునికి చెట్టు మీది ఉడుత. ఈ ముగ్గురినీ పూర్తిగా నేర్చుకో."

"ముగ్గురే చాలా తాతా?"

"ముగ్గురూ వచ్చాక అడుగు, చాలా అని."

రేల ఆ రోజు నుంచి బూరుగు దగ్గరికి పోవడం మానేసింది. మానేయడం తేలికనుకున్నారా? పొద్దున్నే అక్కడ నవ్వులు మొదలయ్యేవి. "ఏమైందట? ఏమైందట?" అని దాని కాళ్ళు వాటంతటవే అటు పోయేవి. రెండు సార్లు సగం దాకా వెళ్ళి పళ్ళు బిగించుకుని వెనక్కి వచ్చింది.

ముందు తీతువు దగ్గర కూర్చుంది. కొన్నాళ్ళకు ఎగురుకుంటూ తాత దగ్గరికి వచ్చింది.

"వచ్చేసింది తాతా! తీతువు వచ్చేసింది!"

"అడవిపంది వస్తే తీతువు ఏమంటుంది?"

"టిటీటీ అంటుంది."

"పాము వస్తే?"

"టిటీటీ అంటుంది."

"నువ్వు దగ్గరికి పోతే?"

"టిటీటీ..." రేల గొంతు తగ్గిపోయింది.

"నీకు తీతువు పేరు వచ్చింది తల్లీ, తీతువు రాలేదు. పో, మళ్ళీ కూర్చో" అన్నాడు తాత.

రేలకు ఉక్రోషం వచ్చింది. కానీ పౌరుషం గల పిల్ల. మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఈసారి చెవులతో పాటు కళ్ళు కూడా పెట్టింది. తీతువే ఒకరోజు విసుక్కుంది.

"ఏమే పిల్లా, నా గుడ్ల మీద నీ కన్నేమిటి?"

"నీ గుడ్ల మీద కాదు పిన్నీ, నీ గొంతు మీద. నాకు చదువు చెప్పవూ?"

తీతువుకు ముచ్చటేసింది. దాని జన్మలో ఎవరూ దాన్ని చదువు చెప్పమని అడగలేదు. నలుగురూ అపశకునం అని తిట్టేవాళ్ళే! అప్పటినుంచి రేల పక్కన ఉన్నా అరవడం మానేసింది.

ఎవరు వస్తే తానేం చేస్తుందో తీతువే చేసి చూపించింది. అప్పుడు తెలిసింది రేలకు. అడవిపంది వస్తే తీతువు మీద మీదికి ఎగిరి తిడుతుంది. పాము వస్తే రెక్కలు పరిచి నేల మీదే గంతులు వేస్తుంది. చిరుత వస్తే మాత్రం గుడ్లు వదిలి పైకి లేచి, ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ తెగిన గొంతుతో పొడిపొడిగా అరుస్తుంది. మూడూ వేరు వేరు. వినేవాళ్ళకు మూడూ ఒకటే, నేర్చుకున్నవాళ్ళకు దేనికదే.

నెమలి దగ్గర ఇంకో రకం చదువు. మబ్బు చూసి అరిచే నెమలి వేరు, ఆడనెమలిని పిలిచే నెమలి వేరు. చిరుత పొంచి ఉన్న చోటికి నెమలి దిగనే దిగదు. సగం దారిలో ఆగి, మెడ నిక్కించి, చప్పుడు చేయకుండా వెనక్కి మళ్ళుతుంది. ఉడుత అయితే ఆకాశంలో డేగను చూస్తే ఒక్క కూత కూసి దాక్కుంటుంది. కింద చిరుతను చూస్తే మాత్రం మానుకు తలకిందులుగా అతుక్కుని, తోక కొట్టుకుంటూ, ఆపకుండా చిక్ చిక్ అంటూనే ఉంటుంది.

ఇవన్నీ వచ్చాక రేల తాత దగ్గరికి వచ్చింది. ఈసారి ఎగురుకుంటూ రాలేదు. తాత అడిగినవాటికి నెమ్మదిగా, తడుముకోకుండా చెప్పింది. తాత అన్నీ విని, దాని వీపు మీద చెయ్యి వేసి, "ముగ్గురు చాలా?" అని అడిగాడు.

"చాలు తాతా. కానీ ఇంకొక్కటి తెలియాలి. ఎండ ముదురుతోంది. ఎగువ లోయలో నీళ్ళున్నాయా లేవా? అక్కడి చిరుత దాహం వేస్తే మన వాగుకే కదా దిగేది? అది మాత్రం ఇక్కడ కూర్చుంటే తెలియదు."

తాత మసక కళ్ళు వెడల్పయ్యాయి. "అయితే పో. అడగాల్సినదాన్ని అడుగు" అన్నాడు.

రేల చాలా రోజుల తర్వాత బూరుగు కిందికి వెళ్ళింది. అందరూ ఎగతాళి చేశారు. సింగన్న కొమ్మ మీద నుంచి, "ఏమే రేలా! తీతువు చదువు అయిపోయిందా? లోకంలో ఏం జరుగుతోందో తెలియకుండా నూతిలో కప్పలా ఉంటే ఎలా?" అన్నాడు.

"నా నుయ్యి నాకు అడుగు దాకా తెలుసు అన్నయ్యా" అంది రేల. తర్వాత పలుకులమ్మ వైపు తిరిగి, "పలుకులమ్మా, ఎగువ లోయలో మడుగు ఎలా ఉంది?" అని అడిగింది.

పలుకులమ్మ మాట ఆపేసింది. తల వంచి రేలను అటు నుంచీ ఇటు నుంచీ చూసింది.

"అమ్మాయీ, నేనొచ్చింది మొదలు ఇక్కడ నోరు మూసింది లేదు. అందరూ విన్నారు. ఒక్కరూ నన్ను ఏదీ అడగలేదు. నువ్వే మొదటిదానివి" అంది. దాని గొంతులో మొదటిసారి హాస్యం లేదు. "మడుగు ఎండి బీటలు వారింది. అక్కడి చిరుత బక్కచిక్కి పోయింది. మొన్న మీ వైపు కొండ దిగుతుంటే చూశాను. ఎవరి గొంతూ దించి చెప్పడానికి లేదని ఇక్కడ చెప్పలేదు."

రేల దండం పెట్టి వచ్చేసింది. ఆ రోజు బూరుగు కింద ఇంకా ఎన్ని కబుర్లు వినిపించాయో దానికి తెలియదు. అక్కర్లేదు కూడా.

పౌర్ణమి నాడు మంద అంతా ఏరుమద్ది కింద చేరింది. చుక్కమ్మ ఇద్దరినీ పిలిచింది.

"మీకేం తెలుసో చెప్పండి" అంది.

సింగన్న గొంతు సవరించుకున్నాడు. ఒకటో లోయ నుంచి మొదలుపెట్టి ఏడో లోయ దాకా ఏకబిగిన చెప్పాడు. ఎక్కడ ఏ పులి, ఎక్కడ ఏ రేచుకుక్కల గుంపు, ఎవరు ఎవరిని తిన్నారు, ఎవరు ఎవరిని తినబోయి మానేశారు, అన్నీ. వినేవాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి.

తర్వాత రేల నిలబడింది. "ఈ వాగు, అవతలి గట్టు, రాళ్ళ సందు, ఇవి నాకు తెలుసు. ఎగువ లోయ చిరుత దాహంతో ఇటు దిగింది. అది మన పరుగు చూస్తూ ఉండి ఉంటుంది. ఇంతే" అంది.

"ఇంతేనా?" అంది ఒక దుప్పి. ఎవరో నవ్వారు.

చుక్కమ్మ తన కుంటి పిల్ల వంక చూసుకుంది. "ఆ రోజు అది ఐదో లోయ కబురని తెలిసి ఉంటే నా బిడ్డ కాలు పోయేది కాదు. తెలియకపోవడం వల్లే మోసపోయాం. అన్నీ తెలిసినవాడే కావాలి. సింగన్నే మా కావలి" అంది.

తల్లి మనసు అలా ఆలోచించింది. తప్పు పట్టలేం. రేల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాత చేతిని వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకుంది.

"కొమ్మ ఇవ్వలేదు. చెవులు లాక్కోలేదు కదా!" అన్నాడు తాత. "కింది కొమ్మ మీద కూర్చో. అక్కడి నుంచీ వినిపిస్తుంది."

రేల కింది కొమ్మ మీద కూర్చుంది. జీతం లేదు, పేరు లేదు. అయినా పొద్దు పొడిచేసరికి అక్కడ ఉండేది.

సింగన్న చెడ్డవాడు కాదు. పని మీద శ్రద్ధ ఉన్నవాడే. కానీ వాడి చెవులు బూరుగు వైపే ఉండేవి. గోరువంకలు రెండో లోయలో చిరుత అంటే వాడికి గుండె దడ. "చెప్పకపోతే తప్పు కదా!" అని "ఖక్కర్!" అనేవాడు. మంద పరుగెత్తేది. చిరుత రాలేదు. ఇంకోనాడు నాలుగో లోయలో చిరుత అన్నారు. మళ్ళీ "ఖక్కర్!" మళ్ళీ పరుగు. చిరుత రాలేదు. మూడోసారి ఆరో లోయ. మూడోసారీ వాగు దాటి రాళ్ళ సందులోంచి పరుగు. పిల్లలు రొప్పుతూ పడిపోయాయి. తల్లులకు పాలు తగ్గిపోయాయి.

మంద పరుగెత్తిన ప్రతిసారీ కొండ మీది చెట్ల చాటు నుంచి ఎగువ లోయ చిరుత చూస్తూనే ఉంది. అరుపు వినగానే ఈ దుప్పులు ఏ దారిన పోతాయో దానికి బాగా తెలిసిపోయింది. కబుర్లు మనమొక్కళ్ళమే వింటామా? శత్రువూ వింటుంది.

ఒక పొద్దున బూరుగు మీద గోల లేచింది. "ఐదో లోయ చిరుత పాలవాగు వైపు బయల్దేరిందట! వెనకే వస్తోందట!" అన్నాయి గోరువంకలు. సింగన్న లేచి నిలబడి, "ఖక్కర్! ఖక్కర్!" అన్నాడు.

మంద తలలెత్తింది. చుక్కమ్మ వాగు వైపు మళ్ళింది. కుంటి పిల్ల అప్పటికే వెనకబడింది.

కింది కొమ్మ మీద రేల అవతలి గట్టు వైపు చూస్తోంది. నెమలి నీళ్ళకు దిగుతూ సగంలో ఆగింది. మెడ నిక్కించింది. చప్పుడు లేకుండా వెనక్కి మళ్ళింది. రేల చెవులు రిక్కించింది. తునికి చెట్టు మీద ఉడుత, చిక్ చిక్ చిక్ చిక్, ఆపడం లేదు. అది తలకిందులుగా మానుకు అతుక్కుని ఉంది. తీతువు ఎక్కడ? గుడ్ల మీద లేదు. రాళ్ళ సందు మీద గుండ్రంగా తిరుగుతూ, తెగిన గొంతుతో పొడిపొడిగా అరుస్తోంది.

ముగ్గురూ ఒకే మాట చెబుతున్నారు. చిరుత వెనక లేదు. ముందుంది. మంద పరుగెత్తబోయే రాళ్ళ సందులోనే పొంచి ఉంది.

కావలి అరుపులో "పరుగెత్తండి" అనే మాట ఒక్కటే ఉంది, "ఆగండి" అనే మాట లేదు. ఎలా ఆపడం? కొండముచ్చు చిరుత భయం ఉన్నప్పుడు నేల మీద కాలు పెట్టదు. పెడితే ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే. రేల కొమ్మ వదిలేసి నేల మీదికి దూకింది. వాగులోకి దిగబోతున్న చుక్కమ్మకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపింది.

"ఆగత్తా! సందులో చిరుత ఉంది! అటు పోవద్దు!"

"పరుగెత్తండి! చిరుత వెనక వస్తోంది!" అని పైనుంచి సింగన్న అరిచాడు.

మంద అటూ ఇటూ ఊగిపోయింది. అన్ని కళ్ళూ చుక్కమ్మ మీద ఉన్నాయి. ఆగితే వెనక నుంచి చిరుత మీద పడొచ్చు. పోతే ముందు నుంచి పడొచ్చు. ఒక్క మాట తప్పితే పిల్ల పోతుంది.

"రేలా, నువ్వు చిరుతను చూశావా?" అంది చుక్కమ్మ.

"చూడలేదత్తా."

"మరి?"

"తీతువు చూసింది. నెమలి చూసింది. ఉడుత చూసింది. ఆ ముగ్గురూ నాకు పూర్తిగా వచ్చు. వాళ్ళు అబద్ధం చెప్పరు, నేను తప్పు వినను. నా మాట తప్పయితే ముందు దానికి దొరికేది నేనే. నేల మీదే ఉన్నాను చూడు."

చుక్కమ్మ తలెత్తింది. "సింగన్నా, నువ్వు చూశావా?"

"లేదత్తా... గోరువంక చెప్పింది."

"పలుకులమ్మా, నువ్వు చూశావా?"

పలుకులమ్మ తడబడింది. "నేనూ చూడలేదమ్మా. ఎవరో అంటుంటే విన్నాను."

చుక్కమ్మ ఇంకేమీ అడగలేదు. వాగులోంచి కాలు వెనక్కి తీసుకుంది. "నేను ఆ రోజు తప్పు ఎంచుకున్నాను. ఇవాళ తప్పు ఎంచుకోను. చెప్పు రేలా, ఏం చేయమంటావు?"

"పిల్లల్ని మధ్యలో పెట్టుకోండి. అందరూ సందు వైపు తిరిగి నిలబడండి. కాలు నేలకేసి కొట్టండి. నిన్ను చూశాం అని దానికి తెలియాలి!"

మంద మంద అంతా రాళ్ళ సందు వైపు తిరిగింది. గిట్టలు నేలకేసి కొట్టాయి. "కూవ్! కూవ్!" అని దుప్పులన్నీ ఒక్కసారే అరిచాయి. లోయ దద్దరిల్లింది. కుంటి పిల్ల కూడా తల్లి కడుపు కింద నిలబడి, మంచి కాలు నేలకేసి కొట్టింది.

కాసేపు ఏమీ కదలలేదు. తర్వాత రాళ్ళ సందులో, అందరూ రాయి అనుకున్నది ఒకటి మెల్లగా లేచింది. పసుపుపచ్చని ఒళ్ళు, నల్లటి మచ్చలు, ఎముకలు బయటపడ్డ డొక్కలు. చిరుత. మంద గుండెలు ఆగినంత పనయింది. ఇంకో నాలుగు అంగలు వేసి ఉంటే మంద దాని నోట్లోకే నడిచి వెళ్ళేది.

"ఎవరే నన్ను చూసింది?" అని గుర్రుమంది చిరుత.

"ఎవరూ చూడలేదు చిరుత మామా" అంది రేల.  "నీ చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పారు, మేం విన్నాం. దాహమైతే కింది మలుపులో నీళ్ళున్నాయి, తాగి పో. ఈ లోయలో నీకు నీళ్ళే దొరుకుతాయి."

చాటు పోయిన చిరుత వేటాడదు. దాని బలమంతా దాక్కోవడంలోనే ఉంది. అది రేలను ఒక్కసారి ఎగాదిగా చూసి, తోక కొట్టుకుంటూ రాళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. అది ఏ దారిన పోతోందో తీతువు పైనుంచి చెబుతూనే ఉంది.

అప్పుడు లేచింది చూడండి కేక! కొండముచ్చులు కొమ్మలు ఊపాయి. దుప్పులు గంతులేశాయి. తీతువు, "నా దగ్గరే చదువుకుంది! నా శిష్యురాలే!" అని అడవంతా చాటుకుంటూ తిరిగింది. నెమలి పురి విప్పింది. గర్వం మంచిది కాదంటారు పెద్దలు. ఇలాంటి రోజున కూడా గర్వపడకపోతే ఇంకెప్పుడు పడతాం?

సింగన్న కావలి కొమ్మ దిగి వచ్చాడు. తల దించుకుని, "నేను అందరికన్నా ఎక్కువ విన్నాను చెల్లీ. ఒక్కటీ నేర్చుకోలేదు" అన్నాడు.

"నీకున్న జ్ఞాపకశక్తి నాకు లేదన్నయ్యా. రేపటి నుంచి రా. నీకు ముందు ఏ గొంతు కావాలో నువ్వే ఎంచుకో" అంది రేల.

"ముందు తీతువు" అన్నాడు సింగన్న.

చుక్కమ్మ మంద ముందుకు వచ్చింది. "ప్రాణం మాది, మాట మాది. పాలవాగు కావలి ఇక రేల" అంది. తన పిల్లను ముందుకు తోసింది. అది కుంటుతూ వచ్చి రేల మోకాలికి మూతి రాసింది.

రేల చెట్టెక్కింది. కింది కొమ్మ దాటింది, నడిమి కొమ్మ దాటింది, చిటారున కావలి కొమ్మ మీద కూర్చుని వీపు నిటారుగా పెట్టుకుంది.

నాగులు తాత మాత్రం పైకి రాలేదు. మెల్లగా తడుముకుంటూ కిందికి దిగాడు. ఒక్కో కొమ్మా పట్టుకుని, మాను దిగి, నేల మీద కాలు పెట్టాడు. అందరూ కంగారు పడ్డారు. "తాతా, ఎక్కడికి? నేల మీద చిరుత భయం ఉంది!" అన్నారు.

"నాకు ఊహ తెలిశాక పగటిపూట నేను కన్ను మూయలేదర్రా. ఒక కన్ను తెరిచే కునుకు తీశాను. ఎవరి మీద వదిలేసి పడుకోను?" అన్నాడు తాత. దుప్పి పిల్లల మధ్యకు వెళ్ళి, ఎండ పడుతున్న చోట, వెచ్చటి గడ్డి మీద ఒళ్ళు వాల్చాడు. "ఇవాళ పైన నా మనవరాలు ఉంది."

అని రెండు కళ్ళూ మూసుకున్నాడు. కాసేపటికి గురక పెట్టాడు. ఆ గురక కావలి కొమ్మ దాకా వినిపించింది. రేల అవతలి గట్టు మీద నుంచి చూపు తిప్పకుండానే గర్వంగా నవ్వుకుంది.

నీతి: వినబడ్డ ప్రతి కబురూ చెవిన వేసుకుంటే తెలివి రాదు. మనకు కావలసింది ఏదో ఎంచుకుని, దాన్ని అడుగంటా నేర్చుకున్నవారే పదిమందిని కాపాడగలరు.